యాభై ఏళ్లు టైమ్ ఉన్నా ఆ ఒక్క చట్టం ఎందుకు రాలేదు? అమెరికాలో అబార్షన్ హక్కు కథ

ఈ ఎపిసోడ్‌కి కారణం ఒక ఫోన్ కాల్.

మా పిన్ని కూతురు అమెరికాలో డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటుంది. ఇప్పుడు ఐదో నెల. మొన్న స్కాన్‌కి వెళ్లినప్పుడు డాక్టర్‌ని మామూలుగా ఒక మాట అడిగిందట, "మధ్యలో ఏదైనా కాంప్లికేషన్ వస్తే ఏం చేస్తారు?" అని. ఆవిడ వెంటనే చెప్పలేదట. కాసేపు ఆగి, "మీ ప్రాణానికి ప్రమాదం ఉందంటే చేస్తాం. కానీ అది రుజువు చేసుకునేలా నేను ప్రతిదీ రాసిపెట్టుకోవాలి" అన్నారట.

చెల్లికి అంతా బాగానే ఉంది, భయపడాల్సిందేమీ లేదు. కానీ ఆ "కాసేపు ఆగడం" తన మనసులో ఉండిపోయింది. రాత్రి ఫోన్ చేసి అడిగింది: "అన్నయ్యా, మన దగ్గర 1971లోనే పార్లమెంటు చట్టం చేసింది కదా. వీళ్లకి యాభై ఏళ్లు టైమ్ ఉంది. ఒక్క చట్టం చేసుకోలేకపోయారా?"

మంచి ప్రశ్న. చాలామంది, "2022లో సుప్రీంకోర్టు హక్కు తీసేసింది" అనే చోట ఆగిపోతారు. కోర్టు తీసేయగలిగింది అంటే, అంతకుముందు అది కోర్టు మాట మీదే నిలబడి ఉందన్నమాట. మరి చట్టసభ ఏం చేస్తున్నట్టు? ఈ రోజు ఆ కథే చెప్తాను. ఇందులో విలన్ ఒక్కడే కాదు. గోడలు చాలా ఉన్నాయి. ఒక్కొక్కటీ చూద్దాం.

కథ మొదలైంది డాలస్‌లోనే

చెల్లి ఉండే ఇర్వింగ్ ఊరు డాలస్ కౌంటీలోకి వస్తుంది. ఈ కేసు పుట్టింది కూడా ఆ కౌంటీలోనే. 1970లో టెక్సాస్ చట్టం ప్రకారం తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప అబార్షన్ చేయడం నేరం. ఆ చట్టం పుట్టింది 1850లలో. దాన్ని సవాలు చేస్తూ ఒక మహిళ 'జేన్ రో' అనే మారుపేరుతో కేసు వేసింది. అవతలి పక్షం డాలస్ కౌంటీ డిస్ట్రిక్ట్ అటార్నీ హెన్రీ వేడ్. అలా 'రో వర్సెస్ వేడ్' అనే పేరు వచ్చింది. సుప్రీంకోర్టులో మొదటిసారి వాదించేటప్పటికి రో తరఫు లాయర్ సారా వెడింగ్టన్ వయసు 26.

1973 జనవరి 22న తీర్పు వచ్చింది. 7-2 తేడాతో, అబార్షన్ చేయించుకోవాలా వద్దా అనే నిర్ణయం మహిళ ప్రైవసీ హక్కులో భాగం అని కోర్టు చెప్పింది. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ ఏడుగురు జడ్జీల్లో ఐదుగురిని నియమించింది రిపబ్లికన్ ప్రెసిడెంట్లే. అంటే అప్పటికి ఇది పార్టీల గొడవ కాదు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

రో తీర్పుకు ముందే కొన్ని రాష్ట్రాలు సొంతంగా చట్టాలు మార్చుకోవడం మొదలుపెట్టాయి. 1970లో న్యూయార్క్‌లో జరిగింది వినండి. అసెంబ్లీలో బిల్లు ఒక్క ఓటు తేడాతో ఓడిపోబోతోంది. జార్జ్ మైకేల్స్ అనే సభ్యుడు మొదట వ్యతిరేకంగా ఓటేశాడు. ఆయన నియోజకవర్గంలో క్యాథలిక్కులు ఎక్కువ. లెక్క ప్రకటించే ముందు లేచి నిలబడి, చేతులు వణుకుతుండగా, ఓటు మార్చుకుంటున్నా అన్నాడు. బిల్లు గట్టెక్కింది. తన రాజకీయ జీవితం అయిపోయిందని ఆయనకి ఆ క్షణమే తెలుసు. అలాగే అయింది, తర్వాతి ఎన్నికల్లో సొంత పార్టీ ఆయనకి టికెట్ దక్కనివ్వలేదు. 1972లో అదే న్యూయార్క్ చట్టసభ ఆ చట్టాన్ని రద్దు చేయడానికి ఓటేసింది. గవర్నర్ నెల్సన్ రాక్‌ఫెల్లర్ వీటో చేయబట్టి బతికింది. ఆయన రిపబ్లికన్.

చట్టసభలో గెలిచింది ఎంత పల్చని దారం మీద వేలాడుతుందో ఈ ఒక్క ఉదాహరణ చాలు. అందుకే 1973లో సుప్రీంకోర్టు దేశం మొత్తానికి ఒకే మాట చెప్పేసరికి, హక్కు కోరుకున్నవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. ఇంక ఓట్లు లెక్కపెట్టుకునే పని లేదనుకున్నారు. మొదటి పొరపాటు అక్కడే జరిగింది. పొరపాటు అని ఇప్పుడు తేలిగ్గా అంటున్నాం కానీ, అప్పుడు ఎవరైనా అలాగే అనుకుంటారు. సుప్రీంకోర్టు రాజ్యాంగ హక్కు అన్నాక, మళ్లీ మామూలు చట్టం ఎందుకు?

నిద్రపోనిది అవతలి పక్షం

గెలిచినవాళ్లు కోర్టుని నమ్ముకున్నారు. ఓడినవాళ్లు కాంగ్రెస్‌కి వెళ్లారు. కాంగ్రెస్ అంటే అమెరికా పార్లమెంటు. మన లోక్‌సభ లాంటిది హౌస్, అందులో 435 మంది. రాజ్యసభ లాంటిది సెనేట్, అందులో రాష్ట్రానికి ఇద్దరు చొప్పున 100 మంది.

1976లో ఇల్లినాయ్‌కి చెందిన హెన్రీ హైడ్ అనే హౌస్ సభ్యుడు ఒక చిన్న సవరణ పెట్టాడు. పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య పథకం మెడికెయిడ్ ఉంది కదా, ఆ కేంద్ర నిధుల్లోంచి అబార్షన్‌కి డబ్బు ఇవ్వకూడదు అని. మినహాయింపులు చాలా తక్కువ. దీన్ని 'హైడ్ సవరణ' అంటారు. 1980లో సుప్రీంకోర్టు 5-4తో ఇది చెల్లుతుందని చెప్పింది. హక్కు ఉంది, కానీ దానికి డబ్బు ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానికి లేదు అన్నమాట.

ఇక్కడ అసలు కిటుకు ఏంటంటే, హైడ్ సవరణ విడిగా ఒక చట్టం కాదు. ప్రతి ఏటా వచ్చే ఖర్చుల బిల్లుకి అంటించే ఒక చీటీ లాంటిది. ఖర్చుల బిల్లు పాస్ కాకపోతే ఆఫీసులు మూతపడతాయి, కాబట్టి అది ఎలాగైనా పాస్ కావాలి. ఆ బండి ఎక్కితే చాలు, ఇది కూడా పాస్ అయిపోతుంది. అలా 1976 నుంచి ఇప్పటిదాకా ఏటేటా వస్తూనే ఉంది. ప్రెసిడెంట్ కాకముందు జో బైడెన్ కూడా దశాబ్దాల పాటు దానికి మద్దతిచ్చాడు. 2019లో గానీ మనసు మార్చుకోలేదు.

దీని అర్థం ఏంటి? అబార్షన్ మీద కాంగ్రెస్ చట్టాలు చేయలేదు అనడం తప్పు. చేసింది. ఆంక్షలు చేసింది. ఆంక్షకి కదిలే బండి దొరికింది. రక్షణకి మాత్రం సొంతంగా ఒక బిల్లు కావాలి, దాన్ని సొంత కాళ్ల మీద నడిపించాలి. ఈ రెండూ సమానమైన పరుగు పందెం కాదు.

అలాగని అవతలి పక్షానికి అన్నీ దొరకలేదు. రో తీర్పును రాజ్యాంగ సవరణతోనే కొట్టేయాలని 1983లో ప్రయత్నించారు. రిపబ్లికన్ ఓరిన్ హ్యాచ్, డెమొక్రాట్ థామస్ ఈగిల్టన్ కలిసి పెట్టిన సవరణ అది. మళ్లీ చూడండి, రెండు పార్టీల వాళ్లూ ఉన్నారు. సెనేట్‌లో మూడింట రెండొంతులు, అంటే 67 ఓట్లు కావాలి. వచ్చింది 49. వ్యతిరేకంగా 50. అక్కడితో రాజ్యాంగ సవరణ దారి మూసుకుపోయింది. అప్పుడు వాళ్లు దృష్టి పెట్టింది జడ్జీల నియామకం మీద. అది నెమ్మదైన దారి. కానీ చివరికి పనిచేసింది ఆ దారే.

1993: చేతికి అందిన అవకాశం

1989లో సుప్రీంకోర్టు వెబ్‌స్టర్ కేసులో రాష్ట్రాలకి ఆంక్షలు పెట్టే వెసులుబాటు పెంచింది. అప్పుడు గానీ ఇవతలి పక్షం ఉలిక్కిపడలేదు. అదే ఏడాది 'ఫ్రీడమ్ ఆఫ్ చాయిస్ యాక్ట్' అనే బిల్లు పెట్టారు. రో తీర్పులో ఉన్నదాన్ని మామూలు చట్టంగా రాయడమే దాని పని. మన భాషలో చెప్పాలంటే, కోర్టు నోటి మాటని స్టాంపు పేపర్ మీదకి ఎక్కించడం.

అప్పుడు ప్రెసిడెంట్ సీనియర్ బుష్. వీటో చేస్తానని ముందే చెప్పేశాడు. వీటోని దాటాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతులు కావాలి. అది ఒక గోడ.

1992 జూన్‌లో కేసీ తీర్పు వచ్చింది. రో పోతుందని అందరూ అనుకున్నారు. పోలేదు. రిపబ్లికన్ ప్రెసిడెంట్లు నియమించిన ముగ్గురు జడ్జీలు ఓకానర్, కెన్నెడీ, సూటర్ కలిసి దాని మూలాన్ని నిలబెట్టారు. కానీ మహిళ మీద 'అనుచిత భారం' పడనంత వరకు రాష్ట్రాలు నియమాలు పెట్టుకోవచ్చు అన్నారు. హక్కు బతికింది, కొంచెం బక్కచిక్కి బతికింది.

1993లో క్లింటన్ వచ్చాడు. సంతకం పెట్టడానికి సిద్ధం. హౌస్, సెనేట్ రెండూ డెమొక్రాట్లవే. ఇంక అడ్డేముంది అనిపిస్తుంది కదా? బిల్లు కమిటీలు దాటింది. కానీ సభలో ఓటింగ్ దాకా అసలు రాలేదు.

ఎందుకంటే, గొడవ సొంత ఇంట్లోనే మొదలైంది. 18 ఏళ్ల లోపు అమ్మాయిలకి తల్లిదండ్రుల అనుమతి కావాలా వద్దా? పేద మహిళలకి ప్రభుత్వ డబ్బు ఇవ్వాలా వద్దా? ఓట్ల కోసం బిల్లులో, ఈ రెండు విషయాలు రాష్ట్రాలకే వదిలేద్దాం అని మెత్తబడ్డారు. దాంతో అటు నుంచి కోపం వచ్చింది. సెనేట్‌కి ఎన్నికైన మొదటి నల్లజాతి మహిళ క్యారల్ మోస్లీ బ్రౌన్ తన మద్దతు వెనక్కి తీసుకుంది. ఆవిడ అభ్యంతరం సూటిగా ఉంది. పేదవాళ్లని, చిన్న వయసు అమ్మాయిల్ని వదిలేసి రాసిన చట్టం ఎవరి హక్కుని కాపాడుతుంది అని.

నేను ఇది చదివినప్పుడు చాలాసేపు ఆలోచించాను. ఆవిడది తప్పా? డబ్బున్నవాళ్లకి ఎప్పుడూ దారి దొరుకుతుంది, విమానం ఎక్కి వెళ్తారు. చట్టం అవసరం ఎక్కువగా ఉండేది లేనివాళ్లకే. ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఆ బిల్లు అప్పుడు పాసై ఉంటే 2022లో కథ వేరేలా ఉండేదేమో అన్నది కూడా కొట్టిపారేయలేం. సగం రొట్టె తీసుకోవాలా, మొత్తం రొట్టె కోసం ఆగాలా అనే ప్రశ్నకి తేలికైన జవాబు లేదు. వాళ్లు ఆగారు. 1994 ఎన్నికల్లో రెండు సభలూ రిపబ్లికన్ల చేతికి వెళ్లాయి. తలుపు మూసుకుంది.

ఆ రోజుల్లో ఒక్క చట్టం మాత్రం వచ్చింది. 1993 మార్చిలో ఫ్లోరిడాలో డేవిడ్ గన్ అనే డాక్టర్‌ని, అబార్షన్లు చేస్తున్నాడని క్లినిక్ బయటే కాల్చి చంపారు. ఆ తర్వాత 1994లో క్లినిక్ తలుపుల దగ్గర అడ్డుకోవడం, బెదిరించడం కేంద్ర నేరం అంటూ చట్టం చేశారు. క్లినిక్ గుమ్మానికి రక్షణ దొరికింది. లోపల జరిగే వైద్యానికి దొరకలేదు.

60 అనే అంకె

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద గోడ దగ్గరికి వచ్చాం. దాని పేరు ఫిలిబస్టర్.

మామూలుగా 100 మంది సెనేట్‌లో 51 మంది అంటే మెజారిటీ. కానీ సెనేట్ రూల్స్ ప్రకారం ఒక బిల్లు మీద చర్చ ముగించాలంటేనే 60 ఓట్లు కావాలి. చర్చ ముగిస్తేనే అసలు ఓటింగ్. అంటే 41 మంది కలిస్తే, 59 మందికి ఇష్టమైన బిల్లుని కూడా ఆపేయొచ్చు. ఇది రాజ్యాంగంలో ఉందా? లేదు. సెనేట్ తనకు తాను పెట్టుకున్న నియమం. 1917లో మూడింట రెండొంతులు అన్నారు, 1975లో 60కి తగ్గించారు. కావాలంటే మార్చుకోవచ్చు అన్నమాట.

2007లో ఎన్నికల ప్రచారంలో ఒబామా, ఫ్రీడమ్ ఆఫ్ చాయిస్ యాక్ట్ మీద సంతకం పెట్టడమే తన మొదటి పని అన్నాడు. గెలిచాడు. 2009లో కొన్ని నెలలపాటు డెమొక్రాట్ల వైపు సరిగ్గా 60 మంది సెనేటర్లు ఉన్నారు. చాలామంది ఇప్పటికీ అనే మాట, "అప్పుడెందుకు చేయలేదు?" అని.

జవాబు ఏంటంటే, 60 మంది డెమొక్రాట్లు ఉన్నారు కానీ 60 ఓట్లు లేవు. నెబ్రాస్కా సెనేటర్ బెన్ నెల్సన్, పెన్సిల్వేనియా సెనేటర్ బాబ్ కేసీ లాంటివాళ్లు అబార్షన్‌కి వ్యతిరేకం. హౌస్‌లో పరిస్థితి ఇంకా స్పష్టంగా బయటపడింది. 2009 నవంబర్‌లో ఆరోగ్య బీమా బిల్లులో అబార్షన్‌కి డబ్బు వెళ్లకుండా బార్ట్ స్టూపాక్ అనే డెమొక్రాట్ సవరణ పెడితే, 64 మంది డెమొక్రాట్లు దానికి ఓటేశారు. ఒబామా అప్పటికే, 2009 ఏప్రిల్‌లో, ఈ చట్టం తన మొదటి ప్రాధాన్యం కాదని చెప్పేశాడు. ఆర్థిక సంక్షోభం ఉంది, ఆరోగ్య బీమా ఉంది, రో తీర్పు ఎలాగూ ఉంది కదా అనే ధీమా ఉంది.

ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, ఇది మొదట్లో పార్టీల గొడవ కాదని. దాని రెండో ముఖం ఇది. రెండు పార్టీల్లోనూ రెండు అభిప్రాయాల వాళ్లు ఉన్నన్నాళ్లు, ఏ పార్టీ గెలిచినా దానికి సొంతంగా ఓట్లు చాలలేదు. తర్వాత పార్టీలు పూర్తిగా రెండు వైపులకి సర్దుకున్నాయి. అప్పుడు డెమొక్రాట్లలో దాదాపు అందరూ ఒకే మాట మీదకి వచ్చారు. కానీ అప్పటికి సెనేట్ 50-50 అయింది. అవతల నుంచి ఒక్కరూ ఇటు రారు. ఐక్యత వచ్చేసరికి సంఖ్య పోయింది.

2022: రెండు ఓట్లు, ఒక తీర్పు

2013లో సెనేటర్ రిచర్డ్ బ్లూమెంథాల్, హౌస్ సభ్యురాలు జూడీ చూ 'విమెన్స్ హెల్త్ ప్రొటెక్షన్ యాక్ట్' అనే కొత్త బిల్లు పెట్టారు. ఏళ్ల తరబడి కదల్లేదు. 2021 సెప్టెంబర్ 1న టెక్సాస్‌లో ఆరు వారాల నిషేధం అమల్లోకి రావడంతో ఒక్కసారిగా కదిలింది. సెప్టెంబర్ 24న హౌస్‌లో 218-211తో పాసైంది. వ్యతిరేకంగా ఓటేసిన ఒకే ఒక్క డెమొక్రాట్ హెన్రీ క్వెయార్, ఆయనదీ టెక్సాసే.

సెనేట్‌లో 2022 ఫిబ్రవరి 28న చర్చ మొదలుపెట్టడానికి ఓటింగ్. 46-48. ఓడింది. మే 2న సుప్రీంకోర్టు ముసాయిదా తీర్పు లీకైంది, రో పోతోందని దేశమంతా తెలిసింది. మే 11న మళ్లీ ఓటింగ్. 49-51. మళ్లీ ఓడింది. 60 సంగతి వదిలేయండి, సగం కూడా రాలేదు. డెమొక్రాట్ జో మాంచిన్ అవతలి వైపు ఓటేశాడు.

ఆ రోజు బిల్లుకి ఓటేసినవాళ్లలో బాబ్ కేసీ ఉన్నాడు. 1992 కేసీ తీర్పుకు ఆ పేరు వచ్చింది వాళ్ల నాన్నని బట్టే. అప్పుడు పెన్సిల్వేనియా గవర్నర్‌గా అబార్షన్ ఆంక్షల తరఫున నిలబడ్డ డెమొక్రాట్ ఆయన. తండ్రి నుంచి కొడుకు దగ్గరికి వచ్చేసరికి పార్టీ ఎంత మారిందో చూడండి.

మరి అబార్షన్ హక్కుకి మద్దతిచ్చే రిపబ్లికన్లు ఇద్దరున్నారు కదా, సుజాన్ కాలిన్స్, లీసా మర్కౌస్కీ? వాళ్లు కూడా ఓటెయ్యలేదు. బిల్లు రో కంటే ముందుకి వెళ్తోంది, రాష్ట్రాలు పెట్టుకున్న చాలా నియమాల్ని కొట్టేస్తోంది అన్నారు. తమ సొంత బిల్లు పెట్టారు, తర్వాత డెమొక్రాట్లు టిమ్ కేన్, కిర్‌స్టెన్ సినిమాతో కలిసి ఇంకోటి పెట్టారు. అది మరీ మెత్తగా ఉందని హక్కుల సంఘాలు ఒప్పుకోలేదు. దాని మీద ఓటింగే జరగలేదు. 1993 నాటి సగం రొట్టె గొడవే మళ్లీ.

2022 జూన్ 24న డాబ్స్ తీర్పు వచ్చింది. 49 ఏళ్ల 5 నెలల తర్వాత రో పోయింది. నిర్ణయం మళ్లీ ప్రజాప్రతినిధుల చేతికి ఇస్తున్నాం అని కోర్టు చెప్పింది. జూలై 15న హౌస్ మళ్లీ బిల్లు పాస్ చేసింది, 219-210. సెనేట్ గోడ మాత్రం అలాగే ఉంది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఆ తీర్పుకి బలమిచ్చిన ముగ్గురు కొత్త జడ్జీలు గోర్సచ్, కావనా, బ్యారెట్. సెనేట్‌లో వాళ్లకి వచ్చిన ఓట్లు 54, 50, 52. ఎవరికీ 60 రాలేదు. ఎందుకంటే 2017లో సుప్రీంకోర్టు నియామకాలకి 60 నియమాన్ని తీసేశారు. అంతకుముందు 2013లో మిగతా కోర్టుల జడ్జీలకి తీసేసింది డెమొక్రాట్లే. అంటే హక్కుని తీసేసే జడ్జీలని కూర్చోబెట్టడానికి మామూలు మెజారిటీ చాలు. ఆ హక్కుని చట్టంగా తిరిగి తేవడానికి 60 కావాలి. 2022 జనవరిలో ఓటు హక్కు బిల్లు కోసం ఫిలిబస్టర్ మార్చాలని చూస్తే, మాంచిన్, సినిమా ఇద్దరూ ఒప్పుకోలేదు. వాళ్ల వాదన కూడా వినాలి. ఈ రోజు మనం గోడ పగలగొడితే, రేపు అవతలివాళ్లు 51 ఓట్లతో దేశమంతా నిషేధం పెడతారు అని. 2022 సెప్టెంబర్‌లో లిండ్సే గ్రాహమ్ 15 వారాల దేశవ్యాప్త నిషేధం బిల్లు పెట్టిన మాట నిజమే. దాన్ని కూడా ఇదే గోడ ఆపుతుంది.

గోడ దాటినా ఇంకో గోడ

సరే, 60 వచ్చాయనుకోండి. అప్పుడైనా అయిపోతుందా? కాదు.

మన దేశంలో క్రిమినల్ చట్టం మీద పార్లమెంటుకి అధికారం ఉంది. అబార్షన్ నేరం అన్నది ఐపీసీలో ఉండేది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 88వ సెక్షన్. కాబట్టి దానికి మినహాయింపు ఇస్తూ పార్లమెంటే 1971లో మెడికల్ టెర్మినేషన్ ఆఫ్ ప్రెగ్నెన్సీ యాక్ట్ చేయగలిగింది. అమెరికాలో హత్య, దొంగతనం లాంటి మామూలు నేరాల చట్టం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. అందులో కాంగ్రెస్ వేలు పెట్టాలంటే రాజ్యాంగంలో ఒక కొక్కెం దొరకాలి. రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం అలాంటి ఒక కొక్కెం. మందులు, డాక్టర్లు, పేషెంట్లు రాష్ట్రాల హద్దులు దాటుతారు కాబట్టి ఇది వాణిజ్యమే అని వాదన. ఒప్పుకోవాలా వద్దా అనేది ఎవరు తేలుస్తారు? అదే సుప్రీంకోర్టు.

అదీ దాటితే, రేపు కొత్త కాంగ్రెస్ వచ్చి 51, 60 లెక్కలు చూసుకుని రద్దు చేయొచ్చు. న్యూయార్క్‌లో 1972లో జరగబోయింది అదే కదా.

జనం మాటేంటి మరి? సర్వేలు చూస్తే, అన్ని లేదా ఎక్కువ సందర్భాల్లో అబార్షన్ చట్టబద్ధంగా ఉండాలనేవాళ్లు పదిలో ఆరుగురు దాకా ఉంటారు. కానీ సెనేట్‌లో దాదాపు 4 కోట్ల జనాభా ఉన్న కాలిఫోర్నియాకి ఇద్దరే, 6 లక్షలు కూడా లేని వయోమింగ్‌కి కూడా ఇద్దరే. తలల లెక్క వేరు, సీట్ల లెక్క వేరు. అందుకే పోరాటం రాష్ట్రాలకి మారింది. 2022 ఆగస్టులో రిపబ్లికన్లకి కంచుకోట లాంటి కాన్సస్‌లో రాష్ట్ర రాజ్యాంగంలోంచి హక్కు తీసేద్దామా అని అడిగితే, దాదాపు 59 శాతం వద్దన్నారు. 2024 నవంబర్‌లో పది రాష్ట్రాల్లో ఓటింగ్ జరిగితే ఏడింట్లో హక్కు వైపు గెలిచింది. ఫ్లోరిడాలో 57 శాతం హక్కుకి ఓటేశారు, అయినా ఓడిపోయారు. అక్కడ కావాల్సింది 60 శాతం. మళ్లీ ఆ అంకే.

చెల్లికి ఏం చెప్పాను

మనమేదో గొప్పగా చేశాం, వాళ్లకి చేతకాలేదు అని చెప్పి వదిలేయడం సులువు. కానీ అది పూర్తి నిజం కాదు. మన 1971 చట్టం "ఇది మహిళ హక్కు" అనదు. డాక్టర్ మంచి ఉద్దేశంతో అభిప్రాయం ఇస్తే ఆ డాక్టర్‌కి శిక్ష ఉండదు అంటుంది. తాళం చెవి ఇప్పటికీ డాక్టర్ చేతిలోనే ఉంది. 2021 సవరణ కొన్ని వర్గాలకి గడువు 20 నుంచి 24 వారాలకి పెంచింది. అది అమల్లోకి వచ్చింది 2021 సెప్టెంబర్ 24న. అంటే అమెరికా హౌస్‌లో ఆ బిల్లు పాసైన రోజే. డాబ్స్ తర్వాత మూడు నెలలకి, 2022 సెప్టెంబర్ 29న, మన సుప్రీంకోర్టు పెళ్లికాని మహిళలకీ ఆ 24 వారాల వెసులుబాటు సమానంగా వర్తించాలని చెప్పింది. మనకి చట్టం ముందు వచ్చింది, హక్కు అనే మాట తర్వాత కోర్టుల్లో బలపడుతోంది. వాళ్లకి హక్కు అనే మాట ముందు వచ్చింది, చట్టం రానేలేదు.

టెక్సాస్ ఇప్పటి చట్టం ప్రకారం అబార్షన్ చేసిన డాక్టర్‌కి జీవిత ఖైదు దాకా పడొచ్చు, కనీసం లక్ష డాలర్ల జరిమానా, లైసెన్స్ కూడా పోతుంది. తల్లి ప్రాణానికి ప్రమాదం అన్న మినహాయింపు ఉంది. దాని అర్థం ఏంటో డాక్టర్లకి స్పష్టత ఇవ్వడానికి 2025లో మళ్లీ ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది. చెల్లి డాక్టర్ ఆ రోజు కాసేపు ఎందుకు ఆగారో ఇప్పుడు అర్థమైంది కదా.

చెల్లితో నేను అన్నది ఇంతే. యాభై ఏళ్లలో వాళ్లు చట్టం చేయలేకపోవడానికి కారణం ఒక్కటి కాదమ్మా. కోర్టు ఉందనే ధీమా ఒకటి. ఓట్లున్నప్పుడు మనసు కలవకపోవడం ఒకటి. మనసు కలిసినప్పుడు ఓట్లు లేకపోవడం ఒకటి. ఆ పైన 60 అనే అంకె. డాక్టర్ నంబర్‌తో పాటు, పక్క రాష్ట్రంలో అవసరమైతే ఎక్కడికి వెళ్లాలో ఆ నంబర్ కూడా ఫోన్‌లో పెట్టుకో, అన్నాను.

"పెట్టుకున్నా అన్నయ్యా, ఆ రోజే" అంది.

మీకు అక్కడ అక్కో చెల్లో ఫ్రెండో ఉంటే ఈ ఎపిసోడ్ పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో మన 1971 చట్టం ఎలా వచ్చింది, దాని వెనక శాంతిలాల్ షా కమిటీ ఏం చూసింది, ఆ కథ చెప్పుకుందాం. ఉంటాను మరి.